తెలుగు బటన్ నొక్కినవాళ్ళు

“ఇంకొక్కసారి చెప్పండి.”

భరణికి ఒళ్ళు మండింది. అప్పటికే రెండుసార్లు చెప్పాడు. ఇడ్లీ దగ్గర మొదలుపెట్టి కాఫీ దాకా ఊపిరి తీసుకోకుండా ఒప్పజెప్పడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. వేలూరులో ఆస్పత్రి వీధి నిండా హోటళ్ళే, అన్నిటికీ మెనూ కార్డులున్నాయి. లోగనాథన్ టిఫిన్ రూముకి మాత్రం లేదు. అక్కడ భరణే మెనూ కార్డు. సగం జనం తన పాట వినడానికే వస్తారని అతనికో నమ్మకం. ఈ అమ్మాయి మాత్రం తలెత్తి చూడకుండా, బల్ల కింద ఫోను పట్టుకుని కూర్చుంది.

“ఇడ్లీ, వడ, పొంగల్, పూరీ, సెట్ దోస, నెయ్ రోస్టు, ఆనియన్ ఊతప్పం, రవ్వ కిచిడి, ఇడియాప్పం, కాఫీ, టీ, పాలు. చాలునా మేడం?”

“చాలు సార్. ఒక కాఫీ.”

“ఒక కాఫీనా?”

“ఆమా. చక్కెర తక్కువ.”

మూడుసార్లు పారాయణం చేయించుకుని ఒక్క కాఫీ! భరణి లోటా, గిన్నె టక్కున బల్ల మీద పెట్టి, ఆ వంకతోనే ఫోన్లోకి తొంగి చూశాడు. స్టాప్‌వాచ్ తిరుగుతోంది.

“ఏంది మేడం ఇది? పరుగు పందెమా?”

“కాదు సార్. మీరు మెనూ చెప్పేదానికి ఎంతసేపు పడుతుందో చూస్తా ఉండా. మనిషి సంగతి తెలిస్తేనే కదా, మిషన్ ఎంత సీక్కిరంగా చెయ్యాలో తెలిసేది.”

“ఏం మిషన్?”

జవాబు వంటింట్లోంచి వచ్చింది. భరణి మేనమామ లోగనాథన్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“వచ్చేసినావా పాపా? రేయ్ భరణీ, ఈ పాప పేరు జీవిత. ఊరు తొరపాడి. మనోళ్ళే, తెలుగోళ్ళే. కాలేజీలో ప్రాజెక్టంట, మన హోటల్లో టచ్ స్క్రీన్ పెట్టి చూస్తాది. ఎవరికేం కావాలో వాళ్ళే నొక్కుకుంటారు. పాపకి ఏం కావాలన్నా నువ్వే చూసుకోవాల, సరేనా?”

“అయితే నేనేం చెయ్యాల మామా?” అన్నాడు భరణి.

“మీరు నోరు మూసుకుని ఉండాల సార్,” అంది జీవిత, చాలా మర్యాదగా.

ఇదంతా కొన్నేళ్ళ కిందటి సంగతి. అప్పట్లో చెయ్యెత్తితే మనిషి వచ్చేవాడు. “ఏం కావాల నాయనా” అని అడిగేవాడు. ఇప్పుడు యాడికి పోయినా తెర అడుగుతోంది. తెర మంచిదే, విసుక్కోదు, మరిచిపోదు. కానీ విసుక్కుంటూనే కొసరి వడ్డించిన మనిషి చేతి చట్నీ రుచి వేరు. ఆ రుచి తెలిసినవాళ్ళు ఆ రోజులు తలుచుకుంటే, ఆ ఏటి కార్తీక మాసపు వానల్ని తలుచుకునే భరణిలాగే ఇప్పటికీ కాసేపు పని మానేసి కూర్చుంటారు.

మర్నాటి నుంచి టిఫిన్ గొడవ సద్దుమణిగాక జీవిత మూల బల్ల దగ్గర చేరేది. భరణి అలిగి దూరంగా నిలబడేవాడు. రెండు రోజులు అలిగాడు. మూడోనాడు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. అంతకంటే అలగడం అతని వల్ల కాలేదు, పాపం.

“రెండు రకాలు చేసినా సార్. మొదట ఇడ్లీ, దోస బొమ్మలు వస్తాయి. బొమ్మ నొక్కినాక ఎన్ని కావాల, సాంబారు వేరేగానా, చక్కెర ఎంత, పార్సిలా, ఇవన్నీ అడగాల కదా. ఒక స్క్రీన్ అన్నీ ఒకే పేజీలో అడుగుతాది. రెండోది ఒక్కొక్కటిగా అడుగుతాది. ఏది సులువో కనుక్కోవాల.”

“రెండూ అందరికీ చూపిస్తే పోలేదా?”

“చూపిస్తాం. కానీ సగం మందికి ఇది ముందు, సగం మందికి అది ముందు.”

“ఆకలి మీద మొదట తిన్నదే రుచిగా ఉంటాది. అందుకనే కదా?”

జీవిత పెన్ను పక్కన పెట్టి మొదటిసారి అతని ముఖంలోకి సరిగ్గా చూసింది. “అందుకనే. మా క్లాసులో చెప్పినప్పుడు నాకు ఇంత బాగా అర్థం కాలే.”

ఆ రోజు సాయంత్రం ఆరో నంబరు బల్ల వాళ్ళు పూరీ అడిగితే భరణి పొంగల్ పట్టుకెళ్ళాడు.

“ఇంకో రూలు,” అంది ఆమె ఇంకోనాడు. “మిషన్ ముందర కూర్చున్నవాళ్ళు మనసులో ఏమనుకుంటే అది పైకి చెప్తానే ఉండాల. మనం మాత్రం నోరు విప్పకూడదు. వాళ్ళు తప్పు నొక్కినా, అడిగినా, ఏడ్చినా.”

“ఏడిస్తే కూడానా?”

“కర్చీఫ్ ఇవ్వచ్చు. బటన్ మాత్రం చూపించకూడదు.”

అలా నవ్వుకుంటున్నప్పుడే వచ్చింది అసలు తంటా. జీవిత తెర అతని వైపు తిప్పింది.

“ఇది తెలుగు స్క్రీన్. మా క్లాసులో తిరుపతి పిల్ల రాసిచ్చింది. తప్పులుంటే చూసి చెప్తారా? మీ తెలుగు వింటే మా జేజి, మా నాయన వాళ్ళమ్మ, మాట్లాడినట్టే ఉంటాది సార్. మా ఇంట్లో ఇప్పుడు అంత చక్కగా ఎవరూ మాట్లాడరు.”

ఇంత పొగిడాక మనిషి నిజం ఎలా చెబుతాడు? భరణిది గుడియాత్తం మగ్గాల వీధి. పుట్టింది తెలుగింట్లో, చదివింది తమిళ బళ్ళో. తిట్టినా, కొసరినా, కలగన్నా తెలుగులోనే. కానీ తెలుగు అతనికి నాలుక మీద ఉంది గాని కంట్లో లేదు. తెర మీది అక్షరాలు నూనెలో తేలే మురుకుల్లా కనిపించాయి. ఏ మురుకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఆ దేవుడికే ఎరుక.

కళ్ళు చిట్లించాడు. తల అటూ ఇటూ వంచాడు.

“అక్షరాలు ఇంకొంచెం లావుగా ఉంటే బాగుంటాది.”

“రాసింది సరిగ్గా ఉండాదా?”

“భేషుగ్గా ఉండాది.”

“మీ ఊరోళ్ళని పిలుద్దామనుకుంటా ఉండా. వాళ్ళు చదవగలరా?”

“ఏంది మేడం అట్ల అడుగుతారు? గుడియాత్తం మగ్గాలోళ్ళకు తెలుగు రాకుంటే ఇంకెవరికి వస్తాది?”

జీవిత నవ్వింది. ఆ నవ్వు చూశాక నిజం చెప్పాలన్న ఆలోచన కూడా మిగల్లేదు.

ఆ ఆదివారం ఇద్దరూ గుడియాత్తం బస్సెక్కారు. దారంతా ముసురు. పాలారు వంతెన మీదికి రాగానే బస్సు బస్సంతా ఒక పక్కకి ఒరిగింది. ఎప్పుడూ ఇసకే కనిపించే ఏట్లో నీళ్ళు! కండక్టరు టికెట్లు మానేసి కిటికీలోంచి చూశాడు. జీవిత భరణి భుజం మీదుగా వంగి చూసింది. ఆమె జడలోని వాన వాసన భరణికి నీళ్ళని చూడనివ్వలేదు.

“నాకెందుకు ఈ ప్రాజెక్టు అంటే,” అంది ఆమె, నీళ్ళు దాటిపోయాక. “మా జేజిని ఒకసారి పెద్ద మాల్‌కి పిలుచుకుపోయినా. నేను ఫోన్ మాట్లాడతా, నువ్వు పోయి ఏమన్నా తిను జేజీ అన్నా. అక్కడంతా మిషన్లే. పది నిమిషాలకు తిరిగొచ్చి, ఆకలిగా లేదులే పాపా అనింది. నేను నమ్మినా. ఇంటికొచ్చి చల్లన్నం తింటా ఉంటే అప్పుడు తెలిసింది. ఇప్పుడు జేజి లేదు. అయినా ఆమె భాషలో అడిగే మిషన్ ఒకటి చెయ్యాల నేను. చెయ్యకపోతే నాకు మనసు ఊరుకోదు సార్.”

“సార్ వద్దు,” అన్నాడు భరణి. “భరణి అను చాలు.”

“అయితే మేడం కూడా వద్దు.”

ఇంటి గడపలోనే భరణి అవ్వ దేవకి ఆమె చెయ్యి పట్టుకుంది. “రా పాపా. తొరపాడిలో ఎవరింటి పిల్లవు? ఇంత బక్కగా ఉండావే, ఏమన్నా తింటావా లేదా?” వీధి పొడుగునా మగ్గాల టకటకలు, వాటి మధ్య అవ్వ కబుర్లు. హోటలు పెట్టింది అవ్వ మొగుడే, లోగనాథన్ తండ్రి. మగ్గం వదిలి వేలూరు పోయి, మెనూ కార్డు అచ్చు వేయించే స్థోమత లేక నోటితో చెప్పడం మొదలుపెట్టాడట. ఆ వరస భరణి చిన్నప్పుడే ఆయన నోటినుంచి నేర్చుకున్నాడు. జీవిత లుంగీల మూట మీద కూర్చుని బొరుగులు తింటూ వింది. ఆ దృశ్యం భరణి మనసులో అలాగే ఉండిపోయింది, ఈనాటికీ చెరగలేదు.

పరీక్ష రోజు వచ్చింది. అవ్వ, ఆమె వీధివాళ్ళు పట్టుచీరలు, కొత్త లుంగీలు కట్టుకుని పెళ్ళికొచ్చినట్టు హోటల్లో దిగారు. తెర మీద మొదటి పేజీలో మూడు భాషల బటన్లు. భాష పేరు కింద తమిళ అక్షరాల్లోనూ రాసి ఉంది కాబట్టి ఏది ఏదో అందరికీ తెలుస్తుంది.

అవ్వ ముందుగా కూర్చుంది. “మన భాష ఉండంగా ఇంకోటి ఎందుకు?” అని గట్టిగా అని, తెలుగు నొక్కింది. వాకిట్లో కూర్చున్నవాళ్ళంతా విన్నారు. ఇక వచ్చినవాళ్ళల్లా తెలుగే నొక్కారు. అవ్వ తెలుగు నొక్కితే తాము తమిళం నొక్కడమా!

దోస బొమ్మ దాకా అందరూ జోరుగా పోయారు. ఆ తర్వాతి పేజీలో బొమ్మల్లేవు. అన్నీ మాటలే. వేళ్ళు గాల్లో ఆగిపోయాయి.

“మనసులో ఉండేది చెప్పండవ్వా,” అని మాత్రం అంది జీవిత.

“చెప్తా పాపా. ఈ అద్దం బాగుండాది. తళతళమంటా ఉండాది. ఫ్యాను కొంచెం తగ్గిస్తే బాగుంటాది. మా లోగనాథన్ సాంబారులో బెల్లం ఎక్కువేస్తాడు.” అందరూ అంతే. మనసులో ఉన్నదంతా చెప్పారు, చదవడం రాదన్న ఒక్క ముక్క తప్ప. చెప్పి, ఏదో ఒకటి నొక్కేసి, బ్రహ్మాండంగా ఉండాదని మెచ్చుకుని వెళ్ళిపోయారు. ఒకాయన కాఫీ అడగబోయి కాఫీలు డజను పార్సిలు చెప్పాడు.

ఒక్కొక్కరు లేచినప్పుడల్లా జీవిత ముఖం వాడిపోతూ వచ్చింది. గోడవారన నిలబడ్డ భరణి తలెత్తలేకపోయాడు.

ఆ శనివారం మధ్యాహ్నం కుండపోత. హోటల్లో ఒక్కరూ లేరు. జీవిత తెరకి ప్లాస్టిక్ కవరు చుడుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“సోమవారం రివ్యూ. మా గైడ్ మేడం రిజల్ట్స్ చూసి, పెద్దవాళ్ళకి టచ్ స్క్రీన్ అలవాటు కాదు, తెలుగు తీసేసి తమిళం, ఇంగ్లీషుతో ముగించెయ్యమన్నారు. మీ మామ కూడా అదే అన్నాడు. రిపోర్టు రాసేసినా. మా జేజికి కూడా ఇది చేతకాదని రాసినట్టే కదా భరణీ?”

భరణికి సంగతి తెలుసు. వాళ్ళకి చేతకాకపోవడం కాదు. తప్పంతా తను కోసిన కోతలదే. ఇప్పుడు చెబితే ఈ పిల్ల తన ముఖం చూడదు. చెప్పకపోతే లేని తప్పు అవ్వ మీద, చనిపోయిన ఆ జేజి మీద పడుతుంది. ముఖం చూడకపోయినా సరే అనుకున్నాడు.

“నేను ఇంకా కూర్చోలే కదా. నన్ను కూడా రాసుకో.”

“ఇంకెందుకు?”

“కూర్చోనీ. రూలు రూలే. నేను మాట్లాడతా, నువ్వు నోరు విప్పకూడదు.”

జీవిత విసుగ్గా కవరు విప్పింది. గడియారం నొక్కింది. భరణి తెర ముందు కూర్చుని, కండువాతో చేతులు తుడుచుకున్నాడు.

“తెలుగు నొక్కినా. ఎందుకు నొక్కినా అంటే నువ్వు చూస్తా ఉండావు గనక. దోస నొక్కినా. ఇప్పుడు మాటలొచ్చినాయి. ఇందులో ఏం రాసుండాదో నాకు తెలీదు. ఒక్క అక్షరం తెలీదు. ఆ పొద్దు భేషుగ్గా ఉండాదని చెప్పింది అబద్ధం.”

జీవిత నోరు తెరిచింది.

“రూలు!” అన్నాడు భరణి. ఆమె నోరు మూసుకుంది.

“మా అవ్వకూ రాదు. మా వీధిలో ఎవరికీ రాదు. మేమంతా చదివింది తమిళమే. మన భాష రాదని ఒప్పుకునేదానికి వాళ్ళకి సిగ్గు. నాకు సిగ్గు కాదు, భయం. మా జేజి మాట్లాడినట్టుండాది అన్నావు చూడు, ఆ మాట పోతాదని భయం. నీ మిషన్‌లో తప్పు లేదు జీవితా. రిపోర్టులో నన్ను రాయి. ఇంకొకటి కూడా మనసులో ఉండాది, చెప్పాల్సిందే కదా. నువ్వు సోమవారం ఈ డబ్బా ఎత్తుకుని పోతే, మంగళవారం ఈ మూల బల్ల మీద నేను ఎవర్నీ కూర్చోనియ్యను. ఎందుకంటే నువ్వంటే నాకు ఇష్టం. ఇప్పుడు బిల్లు బటన్ యాడుండాదో తెలీలేదు, కనిపించిందల్లా నొక్కినా. అయిపోయింది.”

జీవిత గడియారం ఆపింది. కర్చీఫ్ తీసింది. అతనికివ్వలేదు, తనే కళ్ళు ఒత్తుకుంది. తిడుతుందని భరణి సిద్ధంగా ఉన్నాడు.

“నాకూ రాదు,” అంది.

“ఏంది?”

“తెలుగు చదివేది నాకూ రాదు. తిరుపతి పిల్ల ఏది యాడ రాసిందో గుర్తు పెట్టుకున్నా, అంతే. ప్రాజెక్టులో మాతృభాష తెలుగు అని గొప్పగా రాసేసినా. నీకు చూపించిందే అందుకు. నువ్వు చదివి చెప్తే నా పరువు నిలబడతాదని.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. వంటింట్లోంచి లోగనాథన్ గిన్నె పట్టుకుని పరుగున వచ్చేంత గట్టిగా నవ్వారు.

“ఎవరప్పా పద్దెనిమిది దోసలు చెప్పింది? వంటింట్లో చీటీ వచ్చింది!”

“నేనే మామా,” అన్నాడు భరణి. “తెలుగులో చెప్పినా.”

మామ గొణుక్కుంటూ వెళ్ళాక జీవిత మెల్లగా అడిగింది. “మంగళవారం ఎవర్నీ కూర్చోనియ్యనన్నావే, నన్ను కూడానా?”

సోమవారం ఆమె గైడ్ దగ్గర ఉన్నదున్నట్టు చెప్పింది. తెలుగు మాట్లాడేవాళ్ళని పిలిచాం, చదివేవాళ్ళేనా అని వాళ్ళనే అడగలేదు, పరీక్షలోనే పొరపాటుంది అని. చీవాట్లు పడ్డాయి, ఇంకొంచెం గడువూ దొరికింది. తెలుగు పేజీలు అలాగే ఉంచి, వాటికి గొంతు తగిలించింది. భరణి మూల బల్ల దగ్గర కూర్చుని మెనూ అంతా, ప్రశ్నలన్నీ ఆమె ఫోన్లోకి చెప్పాడు. బటన్ మీద వేలు పెడితే పేరు పలుకుతుంది, మళ్ళీ నొక్కితే ఆర్డరు పడుతుంది. ఈసారి ఆమె “ఇంకొక్కసారి చెప్పు” అన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండలేదు.

రెండో పరీక్షకి మిషన్‌నే గుడియాత్తం తీసుకెళ్ళారు. మగ్గాలు ఆపి మళ్ళీ వేలూరు రమ్మంటే ఎవరు వస్తారు? అవ్వ ఇంట్లోనే తెర పెట్టారు. అవ్వ తెలుగు నొక్కింది.

“ఏం కావాలమ్మా?” అంది తెర.

అవ్వ గబుక్కున వెనక్కి తిరిగింది. భరణి గోడవారన నోరు మూసుకునే ఉన్నాడు. అవ్వ మళ్ళీ తెర వైపు తిరిగి ఇడ్లీ మీద వేలు పెట్టింది. ఇడ్లీ అంది తెర. వడ అంది. పొంగల్ అంది. అవ్వ మళ్ళీ ఇడ్లీ దగ్గరికి వచ్చింది. ఆర్డరులో ఇడ్లీలు పెరిగిపోతూనే ఉన్నాయి.

“మీ తాత గొంతు,” అంది అవ్వ. “అచ్చం ఆయనే. పోయినాక మళ్ళా ఇప్పుడు వింటా ఉండా.”

జీవిత గడియారం ఆపలేదు. తప్పుల గడిలో ఏమీ రాయలేదు. ఆమెకి తన జేజి గుర్తొచ్చింది. బాధగా కాదు, కడుపు నిండినట్టుగా.

చాలాసేపటికి అవ్వ కళ్ళు తుడుచుకుని చివరి పేజీకి వచ్చింది. సాంబారు వేరేగా, కాఫీలో చక్కెర తక్కువ, అన్నీ తనే సరిగ్గా నొక్కుకుంది. “ఫోను నంబరు కొట్టమ్మా, బిల్లు వస్తాది,” అంది తెర.

“నాకు యాడిది ఫోను? పాపా, నువ్వు కొట్టు. మీ నాయనది.”

జీవిత రూలు మరిచిపోయింది. “మా నాయనదా? ఎందుకవ్వా?”

“బిల్లుకు కాదులే. నేను మాట్లాడాల. వీడు చెప్తాడని చూస్తే వీడు మగ్గం గుంట మాదిరి కదలకుండా ఉండాడు. ఈ మిషన్‌లో వద్దు, వాడి ఫోన్లోనే కొట్టియ్యి.”

భరణి ఫోను తీసి ఇచ్చాడు. జీవిత ముఖం కుంకుమలా అయింది. ఎవరి వేలు యాడ తప్పుతుందో ఇన్నాళ్ళూ గీతలు గీసి లెక్కపెట్టిన పిల్ల, సొంత తండ్రి నంబరు కొట్టడంలో తప్పింది. చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పింది.

“తొందరేం లేదు పాపా,” అంది అవ్వ. “నిదానంగా కొట్టు.”

మూడోసారి రింగయింది.